బాగా ఆడేవాళ్ళే సీసీఎల్‌ని ముంచుతున్నారు!

హాయ్ అందరికీ. ఈ మాట అంటే కొంతమందికి కాలుతుందని తెలుసు, అయినా అనేస్తా. సినిమావాళ్ళు ఆడే సెలబ్రిటీ క్రికెట్ లీగ్, అదే మన సీసీఎల్, వచ్చిన ప్రతిసారీ అదే గొడవ కదా, టీవీలో ఎవడు చూస్తాడు దీన్ని అని. పెద్ద హీరోలు రావట్లేదు కాబట్టి అని ఒకళ్ళు, ఐపీఎల్ ఉండగా ఇదెందుకని ఇంకొకళ్ళు. రెండూ కాదు బాసూ. సీసీఎల్‌ని ముంచుతున్నది అందులో బాగా ఆడేవాళ్ళు!

నవ్వకండి, వినండి. ప్రతి టీమ్‌లోనూ కొంతమంది ఉంటారు చూడండి, ఎప్పుడో ఓ సినిమాలో హీరో పక్కన ఫ్రెండ్‌గా కనిపించి ఉంటారు, కానీ బ్యాట్ పట్టారంటే లీగ్ క్రికెటర్లలా ఇరగదీస్తారు. టీమ్ గెలవాలంటే వాళ్ళే దిక్కు కాబట్టి ఓపెనింగ్ వాళ్ళకే, చివరి ఓవర్ వాళ్ళకే. మనం టీవీ పెట్టింది ఎవరి కోసమో ఆయనేమో బౌండరీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు.

మా ఇంట్లో టీవీలో ఇలాగే ఒకాయన వరసగా సిక్సులు బాదుతున్నాడు. మా నాన్న "ఎవర్రా ఇతను?" అన్నారు. యాక్టరే నాన్నా అన్నాను. "ఏ సినిమా?" అన్నారు. నేను ఫోన్ తీసి పేరు కొట్టేలోపు రిమోట్ లాక్కుని న్యూస్ డిబేట్ పెట్టేశారు. సిక్సులు కొట్టే మనిషిని వదిలేసి, అరుచుకునే నలుగురి దగ్గరికి వెళ్ళిపోయారు! ఎందుకంటే ఆ నలుగురూ ఎవరో ఆయనకి తెలుసు.

2011లో మొదలైనప్పుడు నాలుగే టీములు. మనది, చెన్నై, కర్ణాటక, ముంబై. మన కెప్టెన్ వెంకటేష్. ఆ తర్వాతి ఏడాది కేరళ టీమ్ వస్తే దానికి మోహన్‌లాల్ కెప్టెన్! వీళ్ళ కవర్ డ్రైవ్ చూద్దామనా మనం కూర్చుంది? కాదు. రీటేక్ లేదు, డూప్ లేడు, బంతి మాత్రం వస్తోంది, ఇప్పుడేం చేస్తాడు మన హీరో అని. వెంకీ మామ తప్పిస్తే ఒక టెన్షన్, తగిలిస్తే ఒక పండగ. ఆ క్షణం అమ్ముకోవాల్సిన లీగ్ వెళ్ళి క్రికెట్ అమ్ముతోంది. క్రికెట్ మనకి కరువా?

ఇక్కడ మీరు అఖిల్ పేరు తెస్తారని తెలుసు. 2023లో కేరళ మీద 30 బంతుల్లో 91 కొట్టాడు, బాగా ఆడాడు, జనం కూడా చూశారు కదా అని. చూశారు, ఒప్పుకుంటా. కానీ ఎందుకు చూశారు? ఆయన అక్కినేని వారబ్బాయి, సినిమాల్లో సరైన హిట్ కోసం కొట్టుకుంటున్నాడు, గ్రౌండ్‌లోకి దిగితే మాత్రం శివతాండవం. "అన్నా, ఇదేదో సినిమాల్లో కూడా చెయ్యొచ్చు కదా" అని ట్రోల్ చేస్తూనే చూశారు. అదే 91 ముక్కూ మొహం తెలియనివాడు కొట్టుంటే స్కోర్‌బోర్డు మీద ఒక అంకె, అంతే. ఆ సీజన్‌లో మన తెలుగు వారియర్స్ వైజాగ్‌లో భోజ్‌పురి టీమ్‌ని కొట్టి కప్పు ఎత్తారు కూడా. ఫైనల్లో మనవైపు ఆడిన పదకొండు మంది పేర్లు చెప్పండి చూద్దాం. గూగుల్ చేయకుండా!

పైగా ఆ ఏడాది తెచ్చిన ఫార్మాట్ ఒకటి, ఒక్కో టీమ్‌కి పదేసి ఓవర్లతో రెండు ఇన్నింగ్స్. టెస్ట్ మ్యాచ్‌ని మిక్సీలో వేసినట్టు! మధ్యలో టీవీ పెట్టినవాడికి ఎవరెంత వెనకున్నారో లెక్క తేలేలోపు యాడ్స్ వచ్చేస్తాయి. ఇంకోటి, బౌలర్ పరుగెత్తుకుంటూ వస్తుంటే కెమెరా గ్యాలరీలో హీరోయిన్ మీద ఉంటుంది. మ్యాచ్ మీద వాళ్ళకే నమ్మకం లేకపోతే మనకెక్కడుంటుంది?

నా మాట నమ్మకపోతే 2024 నవంబర్‌లో టైసన్, జేక్ పాల్ ఫైట్ గుర్తు తెచ్చుకోండి. ఒకవైపు యాభై ఎనిమిదేళ్ళ మాజీ బాక్సింగ్ చాంపియన్ టైసన్, ఇంకోవైపు ఇరవై ఏడేళ్ళ యూట్యూబర్ జేక్ పాల్. 6 కోట్ల ఇళ్ళలో చూశారని నెట్‌ఫ్లిక్సే చెప్పింది. బాక్సింగ్ ఎలా ఉంది? దరిద్రంగా ఉంది! ఎనిమిది రౌండ్లలో టైసన్ పంచ్‌లు తగిలింది పద్ధెనిమిది, చివరికి స్టేడియంలో జనం బూ కొట్టారు. అయినా చివరిదాకా చూశాం, ముసలి పులి ఒక్క దెబ్బ వేస్తుందేమోనని. కాకపోతే అది ఒక్క రాత్రి. ఇంగ్లండ్‌లో సాకర్ ఎయిడ్ కూడా అంతే, 2006 నుంచి నడుస్తోంది, రిటైరైన ఫుట్‌బాల్ స్టార్లతో పాటు సింగర్లు, యాక్టర్లు ఆడతారు, యునిసెఫ్‌కి డబ్బులు పోగేస్తారు, ఒక్క మ్యాచ్‌తో దుకాణం సర్దేస్తారు. మనవాళ్ళేమో వారాల తరబడి, ఊరూరా, పాయింట్స్ టేబుల్! సెలబ్రిటీ క్రికెట్‌లో నెట్ రన్ రేట్ లెక్కలు వేసే మనిషిని నేనింతవరకు చూళ్ళేదు.

అందుకే నా రూల్ ఇది. మొదటి ఆరు ఓవర్లూ హీరోలే బ్యాటింగ్, అదీ పోస్టర్ మీద సోలోగా మొహం పడినవాళ్ళే. ఆర్డర్ జనం ఓటేసి చెప్పాలి. ఫ్రెండ్ వేషం బ్రదర్స్ ఏడో నంబర్ తర్వాత దిగొచ్చు, సారీ బ్రదర్స్. "అన్నా, అప్పుడది క్రికెట్టే కాదు" అని కింద రాయబోతున్న తమ్ముడూ, క్రికెట్ కావాలంటే నీకు రెండు నెలలు ఐపీఎల్ ఉంది, అక్కడ చూసుకో. ఇక్కడ మాత్రం సుదీప్ బౌలింగ్‌కి వచ్చి, వెంకీ మామ క్రీజులో ఉండి, తమన్ నాన్‌స్ట్రైకర్‌గా పరుగు కోసం కేకలేయాలి. రనౌట్ అవుతారా, అవ్వండి!