నేల మీద కూర్చుని లేవగలరా?

నమస్కారం. వీడియోలోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టండి. నిలబడి, చెయ్యి ఎక్కడా ఆనకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. అలాగే చెయ్యి ఆనకుండా లేవండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు మాత్రం చెయ్యొద్దు, ఊరికే చూడండి. మిగతావాళ్లు కూడా పక్కన ఒక మనిషిని పెట్టుకోండి.

లేచారా? ఎన్ని చేతులు పడ్డాయి?

ఇది నేను కనిపెట్టిన ఆట కాదు. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో క్లాడియో గిల్ అరౌజో అనే డాక్టర్ గారి బృందం వాడిన పరీక్ష. మొత్తం 10 మార్కులు, కూర్చోవడానికి 5, లేవడానికి 5. చెయ్యి ఆనిస్తే ఒక మార్కు పోతుంది, మోకాలు ఆనిస్తే ఇంకొకటి. తూలితే అర మార్కు. మనం "అమ్మయ్యా" అంటూ మోకాలి మీద చెయ్యేసి లేస్తాం చూడండి, దానికీ ఒకటి కోత!

51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 2,002 మందికి ఈ పరీక్ష పెట్టి, ఆరేళ్లకు పైగా గమనించారు. ఆ లోగా 159 మంది చనిపోయారు. 8 నుంచి 10 మార్కులు వచ్చినవాళ్లతో పోలిస్తే, 3, అంతకంటే తక్కువ వచ్చినవాళ్లలో మరణాలు అయిదారు రెట్లు ఎక్కువ. 2012లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

నా మార్కులు కూడా చెప్పేస్తాను. కూర్చోవడంలో నాలుగున్నర. లేచేటప్పుడు ఒక చెయ్యి పడింది, తర్వాత ఒక మోకాలు. అంటే మూడు. మొత్తం ఏడున్నర. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు వాకింగ్ చేసే మనిషిని నేను! పార్కులో అందరికీ సలహాలిచ్చేది కూడా నేనే.

ఒక్కటి మాత్రం సరిగ్గా అర్థం చేసుకోవాలి. నేల మీద కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని ఈ పరీక్ష చెప్పడం లేదు. లోపల ఏదో జబ్బు ఉన్నవాళ్లకు కూడా మార్కులు తగ్గుతాయి. తొడల్లో బలం ఎంతుంది, తుంటి, మోకాలు, చీలమండ ఎంత వంగుతున్నాయి, బ్యాలెన్స్ ఎలా ఉంది, ఒంటి బరువును కాళ్లు మోయగలుగుతున్నాయా, ఇవన్నీ ఒక్క దెబ్బకు బయటపడతాయి. అంతే.

అయితే ఆ "అంతే" చిన్నది కాదు. పెద్దవాళ్లు బాత్‌రూమ్‌లో జారి పడితే తుంటి ఎముక విరుగుతుంది. నెలల తరబడి మంచం. మంచంలో ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టడం, న్యుమోనియా. "పడ్డారు, అంతే, ఇక లేవలేదు" అని మనం ఎన్ని ఇళ్లలో వినలేదు? ఇంకో సంగతి, షుగర్. మనం తిన్న అన్నంలోంచి రక్తంలోకి వచ్చే చక్కెరను ఎక్కువగా పీల్చుకునేవి కండలే. ఒంట్లో పెద్ద కండలు తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉంటాయి. అవి కరిగిపోతే ఆ చక్కెర వెళ్లే చోటు తగ్గుతుంది.

మా నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగేది. పొంగు వస్తే లేచేది, మళ్లీ కూర్చునేది. భోజనం పీట మీద, బియ్యం ఏరడం నేల మీద. పెళ్లికి వెళ్తే బంతి భోజనాలూ నేల మీదే. ఇప్పుడు సోఫాలోంచి డైనింగ్ టేబుల్‌కి, అక్కణ్ణుంచి కారు సీట్లోకి. రోజు మొత్తంలో మోకాలి ఎత్తు కంటే కిందికి దిగే పనే లేదు.

అలాగని "ఆ రోజుల్లో అందరూ నూరేళ్లు బతికేవాళ్లు" అని వాట్సాప్‌లో తిరిగే మాటల్ని నేను నమ్మను. ఇప్పుడు మన సగటు ఆయుర్దాయం 70 దాకా ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దాదాపు అందులో సగమే. టీకాలు, మందులు, మంచినీళ్లు మనల్ని ఇక్కడిదాకా తెచ్చాయి. నాయనమ్మ పొగలో కూర్చుని దగ్గుతూ వండింది కూడా నాకు గుర్తే. ఆ వంటిల్లు నాకొద్దు. ఆ కూర్చుని లేవడం ఒక్కటీ చాలు.

జపాన్‌లోని ఒకినావా పేరు వినే ఉంటారు. నూరేళ్లు దాటినవాళ్లకు పేరుమోసిన దీవులు. అక్కడి పెద్దవాళ్లు చాప మీద కూర్చునే మనుషులు. తోటపని, చిలగడదుంపలు, పొట్ట ఇంకాస్త ఖాళీ ఉండగానే లేవడం. కానీ తర్వాతి తరం కార్లకూ అమెరికా తరహా తిండికీ అలవాటుపడింది. 2000 నాటి లెక్కల్లో ఒకినావా మగవాళ్ల ఆయుర్దాయం, జపాన్‌లోని 47 ప్రాంతాల్లో 26వ స్థానానికి జారిపోయింది. ఊరు అదే, గాలి అదే!

మరి మార్కులు తక్కువ వస్తే ఎలా మొదలుపెట్టాలి? నేరుగా నేల మీదికి వద్దు. ముందు గట్టి కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. దబ్బున పడటం కాదు, మెల్లగా. అది సులువయ్యాక తక్కువ ఎత్తు స్టూలు. ఆ తర్వాత మంచం పక్కన, పట్టుకోవడానికి ఆసరా ఉన్నచోట నేల మీద. మోకాలు అరిగిందని డాక్టర్ చెప్పి ఉంటే కుర్చీ దగ్గరే ఆగిపోండి. అదీ పనికొచ్చే వ్యాయామమే.

మా అమ్మకు 69. మూడు నెలల క్రితం కుర్చీలోంచే రెండు చేతులూ నొక్కి లేచేది. ఇప్పుడు సీరియల్ వచ్చే టైముకి మంచం పక్కన చాప వేసుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంటోంది. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేవాలని మా ఇద్దరి ఒప్పందం. నిన్న ఒక చెయ్యి మంచం పట్టె మీద వేసి లేచింది. రెండో చేతిలో చిక్కుడుకాయల గిన్నె. "దీనికెన్ని మార్కులు రా?" అంది.