భానుమతి పాట: లక్క ప్లేటు నుంచి మంగమ్మ గారి దాకా

యాంకర్: అందరికీ నమస్కారం అండీ. ఇవాళ మనం మాట్లాడుకునేది భానుమతి గారి గురించి. నా కాగితంలో "ఎర్లీ ఆల్బమ్స్" అని రాసిచ్చారు, మాస్టారేమో వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని చూసి నవ్వుతూనే ఉన్నారు.

రికార్డుల మాస్టారు: నవ్వక ఏం చెయ్యమంటావమ్మా, ఆవిడ పాడటం మొదలెట్టిన రోజుల్లో మనకి ఆల్బమ్ ఎక్కడిది, ప్లేటే కదా. లక్క ప్లేటు, నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర, అటో పాట ఇటో పాట అంతే. సినిమాలో పాట ఎంత పొడుగున్నా సరే ప్లేటు మీదకొచ్చేసరికి కుదించాల్సిందే, లేదా రెండు వైపులా పంచాలి. ఆల్బమ్ అనే మాట కూడా పైదేశాల్లో ఇలాంటి ప్లేట్లు నాలుగైదు కలిపి ఫొటోల ఆల్బమ్ లాంటి అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవాళ్ళే, అక్కణ్ణుంచి వచ్చింది.

యాంకర్: అయితే కాగితం మార్చేద్దాం. మొదటి ప్లేట్లు అనుకుందాం.

జర్నలిస్టు: మొదలు చెప్పాలంటే 1939, వరవిక్రయం. కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం, కట్నాల మీద, దాన్ని సి.పుల్లయ్య గారు కలకత్తాలో సినిమా తీశారు. ఒంగోలు దగ్గర దొడ్డవరం అమ్మాయి, పద్నాలుగేళ్ళు కూడా లేవేమో, నాన్నగారు వెంకటసుబ్బయ్య గారు ఇంట్లో సంగీతం చెప్తుండేవారు. ఆ రోజుల్లో సినిమాలోకి తీసుకోవాలంటే మొహం తర్వాత, ముందు పాడటం వచ్చా అని అడిగేవాళ్ళు.

సింగర్: అదే కదా సార్ అసలు పాయింటు. ఆ తరం అంతా పాడే నటులే, తర్వాత ప్లేబ్యాక్ వచ్చాక ఒక్కొక్కళ్ళూ పాట వదిలేసి పెదవులు కదపడం నేర్చుకున్నారు, ఈవిడ మాత్రం తెలుగులో తన పాట తనే పాడుకుంది చివరిదాకా. నేను ట్రాక్స్, అంటే అసలు సింగర్ కంటే ముందు నమూనా పాట, పాడేదాన్ని కాబట్టి చెప్తున్నా, వేరేవాళ్ళ గొంతుకి పెదవి కదిపేటప్పుడు ఎంత పెద్ద నటి అయినా ఊపిరి తప్పిపోతుంది. పల్లవి అయ్యాక ఎక్కడ గాలి పీల్చాలో పాడినవాళ్ళకే తెలుస్తుంది. మల్లీశ్వరి మళ్ళీ చూడండి, ఈసారి మొహం కాదు, మెడ చూడండి. గమకం దగ్గర మెడ నరం కదులుతుంది, అది యాక్టింగ్‌లో నేర్పేది కాదు.

రికార్డుల మాస్టారు: ఈ మాట నాకు ఇన్నాళ్ళూ తట్టలేదమ్మాయ్, నేను వినడమే గానీ చూడటం తక్కువ.

యాంకర్: మల్లీశ్వరికి వెళ్ళే ముందు స్వర్గసీమ కదా?

రికార్డుల మాస్టారు: ఆఁ, 1945. నడుమ పెద్ద కథే ఉంది. 1943లో రామకృష్ణ గారిని పెళ్ళి చేసుకుని సినిమాలు ఇక చాలనుకుంది, ఇల్లు, వంట, అంతే. బి.ఎన్.రెడ్డి గారు వచ్చి ఒప్పిస్తే మళ్ళీ వచ్చింది. వచ్చి వేసింది ఏ పాత్ర అనుకున్నారు, నాగయ్య గారి సంసారాన్ని తలకిందులు చేసే ఆట పాటల మనిషి! "ఓహో పావురమా" ప్లేటు అప్పుడు తెలుగు ఇళ్ళల్లో అరిగిపోయింది, నా దగ్గరున్న కాపీ మీద ముల్లు గీతలు చూస్తే తెలుస్తుంది ఎవరో దాన్ని ఎన్నిసార్లు వేశారో. ఇంకో సంగతి, ఘంటసాల గారు సినిమాకి గొంతిచ్చింది మొదట ఆ సినిమాలోనే, ఈవిడ పక్కన. అప్పటికి ఆవిడ స్టారు, ఆయన కొత్తవాడు.

సింగర్: ఆ పావురమా పాటలో కొంటెతనం ఉంటుంది చూడండి, కర్ణాటకం నేర్చుకున్న గొంతు అలా పాడటానికి మామూలుగా జంకుతుంది. ఆవిడకి ఆ జంకే లేదు. తర్వాత విప్రనారాయణలో జయదేవుడి "సావిరహే" పాడింది, అదీ ఆట పాటల మనిషే, దేవదాసి పాత్ర, కానీ అక్కడ విరహం వేరు, రాగం నిలబెట్టి పాడింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి వింటే ఒకావిడేనా అనిపిస్తుంది, గొంతు మాత్రం గుర్తుపట్టేస్తాం, ముక్కులోంచి కొంచెం, ఛాతీలోంచి చాలా.

యాంకర్: మల్లీశ్వరి...

రికార్డుల మాస్టారు: 1951. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం, కృష్ణశాస్త్రి గారి పాటలు. "మనసున మల్లెల" గురించి నేనేం చెప్పను, అందరూ చెప్పేశారు. నాకు మాత్రం "పిలచిన బిగువటరా" ఎక్కువిష్టం. అందులో ఆమె బతిమాలుతున్నట్టు పాడదు, ఏరా రావేం అని నిలదీసినట్టు పాడుతుంది, బతిమాలే పాటని అలా పాడాలంటే దమ్ముండాలి.

జర్నలిస్టు: ఆ దమ్మే కొన్నిసార్లు నష్టం చేసిందంటాను మాస్టారూ, కోప్పడకండి. మిస్సమ్మ మొదట ఈవిడదే, కొంత షూటింగ్ కూడా అయ్యింది, నిర్మాత చక్రపాణి గారితో మాటా మాటా వచ్చి తప్పుకుంది, సావిత్రి హీరోయిన్ మేరీ అయ్యింది, సావిత్రి వెయ్యాల్సిన వేషంలోకి జమున వచ్చింది. తమిళంలో ఎం.జి.ఆర్. నాడోడి మన్నన్ కూడా అంతే, సగంలో ఈవిడ పాత్రని చంపేసి సరోజాదేవిని తెచ్చుకున్నారు. పాటల లెక్క చూసినా లీల, సుశీల, జానకి గార్ల పక్కన చాలా చిన్నది, ఎందుకంటే వేరే హీరోయిన్లకి పాడటం మీద ఆవిడకి ఆసక్తి లేదు. అంత గొంతు పెట్టుకుని.

రికార్డుల మాస్టారు: నష్టం ఎవరికి నాయనా? ఇంట్లోనే స్టూడియో ఉన్న మనిషికి ఒక వేషం పోతే ఏమవుతుంది. భరణి వాళ్ళబ్బాయి పేరు, ఆ పేరుతోనే బ్యానరు, స్టూడియో. 1953లో చండీరాణి తనే డైరెక్ట్ చేసింది, తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ, హీరోయిన్ కూడా తనే. మరుసటేడు "చక్రపాణి" అనే సినిమాకి సంగీతం కూడా తనే కట్టుకుంది. ఇవన్నీ లెక్కలో వెయ్యవా?

జర్నలిస్టు: వేస్తానండీ, వెయ్యకుండా ఎలా ఉంటాను. ఆవిడ రాసిన అత్తగారి కథలు చదివి పెరిగినవాణ్ణి, మా అమ్మ పోపులడబ్బా పక్కన ఉండేది ఆ పుస్తకం. నేనన్నది పాటల సంగతి.

సింగర్: నేను మధ్యలో దూరుతున్నా. వేరేవాళ్ళకి పాడలేదు కాబట్టే ఆ గొంతుకి వయసు వచ్చిందండీ. మిగతా సింగర్లు ఎంత వయసొచ్చినా ఇరవై ఏళ్ళ హీరోయిన్‌కి పాడాలి, గొంతుని అక్కడే పట్టి ఉంచాలి, అది ఎంత కష్టమో మాకు తెలుసు. ఈవిడ నలభై ఏళ్ళప్పుడు, 1965లో, అంతస్తులులో "దుమ్ము దులపర బుల్లోడా" అంటూ కొసరాజు గారి పాటతో కుర్రాళ్ళని వాయించేసింది, అది పదహారేళ్ళ గొంతుతో పాడితే ఎవడూ భయపడడు. అరవై దగ్గరపడ్డాక 1984లో మంగమ్మగారి మనవడు, వాణీ జయరాం గారితో కలిసి "శ్రీ సూర్యనారాయణా మేలుకో". శ్రుతి కిందికి దిగింది, నాదం కాస్త గరుకెక్కింది, అయినా పక్కన వాణీ గారి లాంటి ట్రైనింగ్ ఉన్న గొంతు ఉంటే ఎవరు మంగమ్మో కళ్ళు మూసుకున్నా చెప్పేస్తాం.

యాంకర్: నేను పుట్టాక టీవీలో చూసిన భానుమతి గారు అంటే మంగమ్మే అండీ, మల్లీశ్వరి ఆవిడే అంటే చిన్నప్పుడు నమ్మలేదు నేను.

జర్నలిస్టు: మల్లీశ్వరిలో బావ ఎన్టీఆర్, ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఆయన కొడుకు బాలకృష్ణ మనవడు. కోడి రామకృష్ణ గారు ఆ బామ్మ పాత్ర చుట్టూనే సినిమా నడిపారు, పోస్టర్ మీద హీరో ఉన్నా టైటిల్లో ముందు పేరు మంగమ్మదే కదా.

రికార్డుల మాస్టారు: అప్పటికి నా దగ్గర ప్లేట్లు పోయి క్యాసెట్లొచ్చాయి. ఆ పాట క్యాసెట్లో కొన్నా, టేపు నలిగి పోయింది. 1945 ప్లేటు మాత్రం ఇదిగో, సంచిలో తెచ్చా.

యాంకర్: అయ్యో, ఇంతసేపూ చెప్పలేదేంటండీ! పెట్టండి పెట్టండి.

రికార్డుల మాస్టారు: ఉండమ్మా, తొందరపెట్టకు. ముల్లు మార్చాలి, పాత ముల్లుతో పెడితే ప్లేటు గీరుకుపోతుంది. మైకు ఇంకొంచెం ఇటు జరపమను, కీ ఇచ్చాక మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి, దగ్గినా వినపడుద్ది.