గిల్డ్‌ని చీల్చేది నోరు కాదు, పావు ఇంచు!

"మనసు పెట్టి కుట్టారు కదండీ, సైజుదేముంది?" ఈ మాట ఇంక చాలు. వినీ వినీ చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇవాళ ఒక్కటే చెప్తాను, వీడియో అయిపోయేదాకా అదే చెప్తాను. క్విల్ట్ అంటే గుడ్డముక్కలు అతికిన పైభాగం, మధ్యలో దూది పొర, అడుగు గుడ్డ, మూడూ కలిపి కుట్టిన దుప్పటి. అవి కుట్టేవాళ్ళ సంఘమే క్విల్ట్ గిల్డ్. ఆ గిల్డ్‌లో మనుషులు విడిపోయేది మాటామాటా అనుకుని కాదు, పావు ఇంచు కుట్టు దగ్గర, అంటే గుడ్డ అంచుకి పావు ఇంచు లోపల వేసే కుట్టు దగ్గర. పావు ఇంచు కుదిరిన గిల్డ్ కలిసుంటుంది. కుదరని గిల్డ్‌లో ఎంత కాఫీ పోసినా, ఎన్ని కుకీలు పెట్టినా, మనసులు కలవవు.

గొడవేంటో మీకు తెలిసిందే. అమెరికాలో గిల్డుల్లో తిరిగే మనవాళ్ళకి మరీ బాగా తెలుసు. రాఫిల్‌కి, అంటే లాటరీకి, పెట్టే క్విల్ట్ కోసం సభ్యులు తలా ఒక బ్లాకు, అంటే ముక్కలు అతికిన చదరం, కుట్టి ఇస్తారు. కుట్టిన బ్లాకు 12½ ఇంచులు రావాలి. బల్ల మీద పరిస్తే ఒకటి 12¼, ఒకటి 12¾, ఇంకోటి ఒక పక్క 12½, రెండో పక్క 12. కమిటీ వాళ్ళు నాలుగు బ్లాకులు పక్కన పెడతారు. ఆ నలుగురూ పై నెల మీటింగుకి రారు. ఇక అక్కణ్ణించి రెండు జట్లు. ఒక జట్టు "క్విల్ట్ పోలీసులు" అని తిడుతుంది, రెండో జట్టు "కొలత చూసుకోవడం కూడా రాదా" అని గొణుగుతుంది.

రెండు జట్లదీ తప్పే. కొలతని పట్టించుకోని వాళ్ళదీ తప్పే, కొలవడం నేర్పకుండా బ్లాకు తిప్పి పంపేవాళ్ళదీ తప్పే. మొదటిది నిర్లక్ష్యం. రెండోది దుర్మార్గం, నేనైతే ఆ మాటే వాడతాను.

లెక్క చూడండి. పావు ఇంచు మార్జిన్‌తో కుట్టాల్సిన చోట వీసం ఎక్కువ పోయిందనుకోండి. వీసం అంటే పదహారో వంతు, మన పాత లెక్కే. ఇంచులో వీసం అంటే ఆవగింజంత. కానీ కుట్టు దగ్గర రెండు ముక్కలు కలుస్తాయి కదా, అటు ముక్కలో ఒక వీసం, ఇటు ముక్కలో ఒక వీసం పోతాయి. నైన్ ప్యాచ్ బ్లాకులో అడ్డంగా మూడు ముక్కలు, రెండు కుట్లు. మొత్తం నాలుగు వీసాలు. అంటే పావు ఇంచు హాంఫట్! 12½ రావాల్సింది 12¼ వచ్చింది. అదే అడ్డంగా ఎనిమిది ముక్కలున్న బ్లాకైతే ఏడు కుట్లు, పద్నాలుగు వీసాలు పోయినట్టు, ఇంచుకి రెండు వీసాలే తక్కువ. దాదాపు ఇంచు! ఆవగింజ దగ్గర మొదలై ఇంచు దాకా వచ్చింది.

ఇందులో ఆ బ్లాకు కుట్టినావిడ తప్పేముంది? కుట్టు తిన్నగానే ఉంది. ముక్కలు సరిగ్గానే కోసింది. ఆవిడ మెషీన్‌లో గుడ్డని నొక్కి పట్టే ఫుట్టు వెడల్పు, సూది నుంచి ఫుట్టు అంచు దాకా పావు ఇంచు కంటే ఎక్కువ. మామూలు ఫుట్టు చాలా మెషీన్లకి అంతే ఉంటుంది. గుడ్డని ఫుట్టు అంచుకి ఆనించి కుట్టమని ఎవరో చెప్పారు, ఆవిడ అలాగే కుట్టింది. తిన్నగా కుట్టడం వేరండీ, అందరూ ఒకే కొలతకి కుట్టడం వేరు. గిల్డ్‌కి కావాల్సింది రెండోది.

ఇక అసలు పరీక్ష. ఏ గిల్డైనా కొత్త సభ్యుల చేత మొదటి రోజే చేయించాల్సింది ఇదే. ఒకటిన్నర ఇంచు వెడల్పున మూడు పట్టీలు కోయండి, పొడవు ఆరు ఇంచులుంటే చాలు. పక్కపక్కన పెట్టి రెండు కుట్లు వేయండి. ఇస్త్రీ చెయ్యండి. ఇప్పుడు మధ్య పట్టీ మీద రూలర్ పెట్టండి. కచ్చితంగా ఒక ఇంచు ఉండాలి. మొత్తం వెడల్పు 3½ ఉండాలి. మధ్య పట్టీ ఇంచు కంటే సన్నంగా వచ్చిందా, మార్జిన్ ఎక్కువ పోతోంది. సూదిని ఒక మెట్టు కుడి వైపుకి జరపండి. వెడల్పుగా వచ్చిందా, ఎడమకి జరపండి. సూది జరగని పాత మెషీన్ అయితే రూలర్‌ని ఫుట్టు కింద పెట్టి, చక్రం చేత్తో తిప్పి, సూది మొనని పావు ఇంచు గీత మీదికి దించండి. రూలర్ కుడి అంచు వెంట మాస్కింగ్ టేపు నాలుగైదు పొరలు అంటించండి. ఆ టేపు గట్టుకి గుడ్డ ఆనించి కుట్టండి. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు పెట్టకే నలుగురు మనుషుల్ని పోగొట్టుకుంటున్నారు.

నిండు పావు ఇంచు కుట్టినా మధ్య పట్టీ కాస్త సన్నగా వస్తుంది, గమనించండి. గుడ్డ కుట్టు మీద మడత పడేటప్పుడు కొంత, దారం మందానికి కొంత ఖర్చవుతుంది. అందుకే గిల్డుల్లో "స్కాంట్ క్వార్టర్" అంటారు, పావుకి ఒకటి రెండు దారప్పోగులు తక్కువ. దారం 50 నంబరు కాటన్ వాడండి, సూది 80 సైజు. లావు దారం వేస్తే అది కూడా చోటు తింటుంది.

ఇప్పుడు ఇస్త్రీ. ఇక్కడ చాలామంది చేసే తప్పు దగ్గరగా చూడండి. ముక్కలు తెరిచి ఇస్త్రీ చేశాక, కుట్టు పక్కనే సన్నటి అంచు లేచి ఉంటుంది, వేలు పెట్టి రాస్తే తగులుతుంది. గుడ్డ కుట్టు దాకా పూర్తిగా తెరుచుకోలేదన్నమాట, ఆ మడతలో ఇంకో అర వీసం దాక్కుంది. ముందు కుట్టుని మూసినట్టుగానే ఉంచి ఒకసారి ఇస్త్రీ పెట్టి దించండి, దారం గుడ్డలో కూర్చుంటుంది. తర్వాత పై గుడ్డ తెరిచి, గోరుతో కుట్టు వెంట గీసి, అప్పుడు ఇస్త్రీ పెట్టండి. తోయకండి! చొక్కాకి తోసినట్టు తోస్తే గుడ్డ సాగుతుంది. ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాలి. ఐమూలగా కోసిన ముక్కలైతే ఆవిరి దగ్గరికి కూడా రానివ్వకండి. త్రికోణాలకి ఇంకో ఉపాయం ఉంది, పెద్దగా కుట్టి తర్వాత కోసుకోవడమే. క్విల్ట్‌లో కుట్టాక మూడు ఇంచులు కనబడే, రెండు త్రికోణాల చదరం కావాలంటే నాలుగు ఇంచుల చదరాలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి పెట్టండి, మూల నుంచి మూలకి గీత గీయండి, గీతకి రెండు పక్కలా పావు ఇంచు దూరంలో కుట్టండి, గీత మీద కోయండి. రెండు చదరాలొస్తాయి. తెరిచి ఇస్త్రీ చేసి 3½కి కోయండి. సాగినదంతా కత్తెరలో పోతుంది.

"కొలతలు పెడితే కళ చచ్చిపోతుంది" అంటారు. వినండి. 1987 అక్టోబర్ 11, వాషింగ్టన్ నేషనల్ మాల్. ఎయిడ్స్‌తో పోయిన వాళ్ళ పేర్లతో 1,920 ప్యానెళ్ళు గడ్డి మీద పరిచారు. అవి కుట్టినవాళ్ళందరూ కుట్టుపని వచ్చినవాళ్ళేం కాదు. సూది పట్టడం తెలియని తండ్రులు, స్నేహితులు కూడా కుట్టారు. చొక్కాలు, టెడ్డీ బొమ్మలు, ఫొటోలు, ఏది కుట్టినా సరే అన్నారు. ఒక్కటే నియమం. ప్యానెల్ 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, దాదాపు సమాధి అంత. ఎనిమిది కలిపితే 12 అడుగుల చదరం. ఆ కొలత లేకపోతే ఆ క్విల్ట్ లేదండీ! ఒకరినొకరు ఎప్పుడూ చూడని మనుషుల దుఃఖాలు పక్కపక్కన అతుక్కున్నాయంటే, ఆ మూడు అడుగులు, ఆరు అడుగుల వల్లే. లోపల ఎంత స్వేచ్ఛ ఉన్నా అంచు అందరిదీ ఒకటే. నా వాదన మొత్తం ఇంతే.

వెంటనే ఎవరో గీస్ బెండ్ అంటారని తెలుసు. అలబామా నది వంపులో ఉన్న ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పాత జీన్సులు, పొలం బట్టలు కోసి, టేపు పెట్టకుండా, కంటి చూపుతో కుట్టిన క్విల్టులు ఇవాళ పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. 2006లో అమెరికా తపాలా బిళ్ళల మీదికీ ఎక్కాయి. అద్భుతం, చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆ పైభాగం ఒక్క మనిషి ఆలోచన, సాధారణంగా ఒక్కరే ముక్కలు అతికేవారు. నలుగురూ కలిసేది ఆ తర్వాత, ఫ్రేముకి బిగించి పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు. అదే ప్రాంతంలో 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టారు. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలేబులు కుట్టే కాంట్రాక్టు తీసుకున్నారు. అప్పుడు కంటి చూపుతో కుదురుతుందా? దుకాణానికి వెళ్ళే గలేబులన్నీ ఒకే సైజు ఉండాలి. ఒంటరిగా కుట్టినప్పుడు కన్ను చాలు, కలిసి కుట్టినప్పుడు టేపు కావాలి.

మన బొంత మాటేంటి అంటారా? బొంతకి ఈ బాధ లేదు, ఎందుకో చెప్తా. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరుస్తాం, చిరిగిన చోట పైన మాసిక వేస్తాం, అడుగు దాకా దిగేలా టాకాలు వేస్తాం. ముక్క మీద ముక్క పడుతుంది, అంచుకి అంచు కలిపే పని లేదు. అంచుకి అంచు కలపనప్పుడు వీసం పోయినా ఎవరికీ తెలియదు. నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలల కూర్చుని ఎవరి టాకా వాళ్ళు వేసినా బొంత ఒక్కటే అవుతుంది. అన్నట్టు, పడిపోయే సంకీర్ణ ప్రభుత్వాన్ని "అతుకుల బొంత" అంటారే, ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. మాసిక పడిన చోట గుడ్డ ఇంకో పొర పెరుగుతుంది. ముందు చిరిగేది అతుకు లేని చోటే!

అమెరికా గిల్డుల్లో చేరే మన తెలుగు ఆడవాళ్ళకి ఇక్కడో హెచ్చరిక. బ్లాకు కోసం పట్టుచీర ముక్క తీసుకెళ్తున్నారా? పట్టు జారుతుంది, జరీ పోగులు ఊడతాయి, పావు ఇంచు నిలవదు. వెనక పలచటి ఫ్యూజిబుల్ ఇంటర్‌ఫేసింగ్, అంటే ఇస్త్రీ వేడికి అంటుకునే గుడ్డ, అంటించాకే కోయండి. మంగళగిరి కాటన్ అయితే ముందు ఉతికి, గంజి పెట్టి, ఆరాక కోయండి. లేకపోతే క్విల్ట్ మొదటి ఉతుకులో మీ బ్లాకు ఒక్కటే ముడుచుకుంటుంది. కలంకారీ మరీ జాగ్రత్త. తెల్ల గుడ్డ ముక్కతో కలిపి తడిపి ఆరేయండి, తెల్లది తెల్లగా ఉంటేనే ఇవ్వండి. ఇరవై మంది కష్టం మీద మీ ఎరుపు దిగితే ఆ మీటింగులో మొహం చూపించలేరు.

సరే, బ్లాకులు తేడాగా వచ్చేశాయి. తిప్పి పంపాలా? వద్దు! ఒక్కటి కూడా పంపొద్దు. కమిటీ వాళ్ళకి చెప్తున్నా, రాసుకోండి. అన్ని బ్లాకులకీ ఒకే రంగు గుడ్డతో 1¾ ఇంచుల పట్టీలు నాలుగు వైపులా కుట్టండి. సరిగ్గా వచ్చిన వాటికి కూడా, ఎవరినీ వేరు చెయ్యొద్దు. తర్వాత బ్లాకు మధ్యలో ఉండేలా చూసుకుని అన్నిటినీ 14 ఇంచులకి కోయండి. 12 వచ్చిన బ్లాకు చుట్టూ పట్టీ ఇంచు కనబడుతుంది, 12¾ వచ్చిన దాని చుట్టూ కాస్త సన్నగా కనబడుతుంది. పట్టీలన్నీ ఒకే రంగు కాబట్టి ఆ తేడా కంటికి ఆనదు. నక్షత్రం బ్లాకుల మొనలు కూడా తెగవు. అదే పెద్ద బ్లాకుని నేరుగా కోసేస్తే మొనలన్నీ పోతాయి, కుట్టినావిడకి ప్రాణం ఉసూరుమంటుంది.

అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు, 20 బ్లాకులు. కుట్టు మార్జిన్లు పోగా బ్లాకు 13½ మిగులుతుంది, కలిపితే 54 × 67½ ఇంచులు. చుట్టూ రెండు ఇంచుల బోర్డరు వేస్తే 58 × 71½. మాజీ సైనికులకి క్విల్టులు ఇచ్చే క్విల్ట్స్ ఆఫ్ వేలర్ సంస్థ కొలతల్లోకి కూడా వచ్చేస్తుంది. ఆ బోర్డరు పొడవుకి క్విల్ట్ అంచు కొలవకండి, అంచు సాగి ఉంటుంది. నడిమధ్యలో కొలిచి, ఆ కొలతకే బోర్డరు కోసి, పిన్నులు పెట్టి కుట్టండి. పొడుగు పట్టీ కుట్టుకుంటూ పోయి చివర కత్తిరిస్తే బోర్డరు అప్పడంలా అలలు తిరుగుతుంది.

ఇదంతా కుదిరిన గిల్డ్ ఎలా ఉంటుందో ఆ బల్ల దగ్గర చూడాలి. అడుగు గుడ్డ బోర్లా పరిచి టేపుతో బిగిస్తారు, మీద దూది పొర, దాని మీద పైభాగం. బల్లకి నాలుగు వైపులా నిలబడి మధ్య నుంచి బయటికి, పిడికిలి దూరానికో పిన్ను పెట్టుకుంటూ వస్తారు. బ్లాకులు సమంగా ఉంటే గుడ్డ చాపలా పరుచుకుంటుంది, చేతులు వాటంతటవే పని చేస్తాయి, నోళ్ళు ఖాళీగా ఉంటాయి, పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, అన్ని కబుర్లూ అక్కడే. సమంగా లేకపోతే మధ్యలో గుడ్డ బుడగలా లేస్తుంది. అందరూ నిశ్శబ్దంగా దాన్నే చూస్తారు, ఎవరి బ్లాకో అందరికీ తెలుసు. ఆ నిశ్శబ్దం చాలు ఒక మనిషిని ఇంటికి పంపడానికి.

ఇప్పుడు లేచి వెళ్ళండి. ఒకటిన్నర ఇంచు పట్టీలు మూడు కోయండి, మెషీన్ ఏదైనా సరే, కుట్టండి, ఇస్త్రీ చెయ్యండి. మధ్య పట్టీ ఎంత వచ్చిందో ఉన్నదున్నట్టు కామెంట్లో రాయండి. ఇంచుకి వీసం తక్కువ వచ్చినవాళ్ళు మెషీన్ రకం కూడా రాయండి, సూది ఎన్ని మెట్లు జరపాలో ఒక్కొక్కరికీ చెప్తాను.