మిన్నెసోటా ఇంగ్లిష్‌లో మన ‘ఓ’

నమస్కారం అండీ. ఇవాళ అమెరికాలోని మిన్నెసోటా యాస నేర్చుకుందాం. ముందు పెదాల మీద వేలు పెట్టుకుని ‘ఓడ’ అనండి. ఇప్పుడు ఆ ‘ఓ’ ఒక్కటే సాగదీయండి. ఓ... ఓ... పెదాలు కదల్లేదు కదా?

టీవీలో వినే అమెరికా ఇంగ్లిష్‌లో ఇదే అచ్చు ‘బొఉట్’ అన్నట్టు చివరికి ‘ఉ’లోకి జారిపోతుంది. మన కాల్ సెంటర్ శిక్షణల్లో దిద్దించేది కూడా ఆ జారుడే. మిన్నెసోటా పాతకాపులు మాత్రం జార్చరు. నిఖార్సుగా ‘బోట్’ అంటారు. రాష్ట్రం పేరు కూడా అంతే, ‘మిన్నెసోఓటా’. వేలు తీయకుండా మళ్లీ అనండి.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది? 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, ఐదేళ్లు ఉండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు సొంతమయ్యేవి. నార్వే, స్వీడన్, జర్మనీల నుంచి రైతు కుటుంబాలు తరలివచ్చాయి. జర్మన్‌లో పడవని ‘బోట్’ అనే అంటారు, అచ్చం మన ‘ఓ’తోనే. ఇంట్లో, చర్చిలో ఆ భాషలు విన్న పిల్లలు ఇంగ్లిష్‌ని కూడా ఆ నోటితోనే పలికారు. తరాలు గడిచి ఆ భాషలు పోయాయి, అచ్చు నిలిచిపోయింది. అందుకే ఈ ‘ఓ’ అంటే నాకు అంత ఇష్టం.

‘బ్యాగ్’ని అక్కడ చాలామంది ‘బేగ్’ అంటారు. దీన్ని మాత్రం వలస వచ్చినవాళ్లకి ముడిపెట్టకండి, అంత తేలిగ్గా తేలే విషయం కాదు.

ఇంకో మాట వినండి. ‘వీ ఆర్ గోయింగ్, వాంట్ టు కమ్ విత్?’ ఎవరితో అన్నది చెప్పరు. జర్మన్‌లో ‘కొమ్స్ట్ దూ మిట్?’ అన్నా ఇంతే, ‘తో’ దగ్గర ఆగిపోతుంది. స్వీడిష్, నార్వేజియన్‌లలోనూ ఇలాంటి వాడుకే ఉంది.

ఉత్తరాన ఇనుప గనులున్న ఐరన్ రేంజ్ ప్రాంతానికి ఫిన్లాండ్ వాళ్లు ఎక్కువగా వచ్చారు. అక్కడ డులూత్ అనే ఊరికి వెళ్దామంటే ‘లెట్స్ గో డులూత్’ అనడం వినిపిస్తుంది, మధ్యలో ‘టు’ ఉండదు. ఫిన్నిష్‌లో మన ‘కి’లాగే విభక్తి ఊరి పేరు చివర చేరుతుంది, ముందు వేరే మాట అక్కర్లేదు.

నగరాల్లో కుర్రకారు నోట ఈ యాస పలచబడుతోంది. పల్లెల్లో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే చెవి పెట్టి వినండి.

ఇప్పుడు సాధన. వేలు పెదాల మీదే ఉంచండి, పెదాలు కదిలితే మొదటికి రండి. నాతో పాటు: గో... హోమ్... స్నో...