ఆడేవారికి నేర్పిన ఆటలు: 2025లో నాకు నచ్చిన వీడియో గేములు

తెరపై: నల్లని నేపథ్యంలో 2025 అనే అంకెలు. వాటి కింద ఒకదాని తరువాత ఒకటిగా ఆరు ఆటల ముఖచిత్రాలు.

నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. 2025లో వచ్చిన వీడియో గేములలో నాకు బాగా నచ్చిన ఆరింటిని గురించి, అవి ఎందుకు నచ్చాయన్న దానిని గురించి ఈ వీడియోలో వివరిస్తాను. ఇందులో ర్యాంకులు, మార్కులు ఉండవు. ఈ ఆటలన్నిటినీ నేను ఒకే కొలబద్దతో ఎంచుకున్నాను కనుక ముందుగా ఆ కొలబద్ద ఏమిటో చెప్పాలి.

ఆటలలో ఎదుగుదల రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది పాత్ర ఎదుగుదల. శత్రువులను చంపిన కొద్దీ లెవెల్ పెరుగుతుంది, దెబ్బ బలం వంద నుంచి వేయికి చేరుతుంది, నిన్న మట్టి కరిపించిన బాస్‌ను, అంటే పెద్ద శత్రువును, ఈరోజు అవలీలగా ఓడిస్తాము, అయితే ఈలోగా మన చేతికి గాని, బుద్ధికి గాని కొత్తగా అబ్బినది ఏమీ ఉండదు. రెండవది ఆడేవారి ఎదుగుదల. సేవ్ ఫైలును తొలగించి ఆటను మొదటి నుంచి ప్రారంభించినా మన దగ్గరే మిగిలి ఉండే నేర్పు అది. నాకు ఈ రెండవ రకమే ఇష్టం. 2025లో ఆ రకం ఆటలు విరివిగా వచ్చాయి.

తెరపై: ఒక పెద్ద భవనం. తలుపు తీయబోగానే మూడు గదుల నమూనాలు కనిపిస్తాయి.

ఈ కొలబద్దకు అన్నిటికన్నా చక్కగా సరిపోయినది 'బ్లూ ప్రిన్స్'. టోండా రోస్ అనే రూపకర్త ఎనిమిదేళ్ల పాటు శ్రమించి తయారుచేసిన ఈ ఆట ఏప్రిల్ 10న విడుదలైంది. సైమన్ అనే 14 ఏళ్ల కుర్రవాడికి అతని తాత వరుసయ్యే హెర్బర్ట్ సింక్లెయిర్ తన భవనాన్ని వీలునామాలో రాసిపెట్టి పోతాడు. కాకపోతే అందులో ఒక మెలిక ఉంది. 45 గదులున్న ఆ ఇంట్లో 46వ గది ఎక్కడుందో కనిపెట్టినప్పుడే ఆ ఇల్లు అతనిదవుతుంది.

ఇంటి పటం అడ్డంగా 5 గళ్లు, నిలువుగా 9 గళ్లు ఉంటుంది. మనం ఒక తలుపు తీయబోతే దాని వెనుక ఏ గది ఉండాలో ఆట మననే అడుగుతుంది. మూడు నమూనాలు చూపిస్తుంది, వాటిలో ఒకదానిని ఎంచుకోవాలి. కొన్ని గదులకు ఒకే తలుపు ఉంటుంది, అలాంటి గదిని తొందరపడి పెడితే దారి అక్కడితో మూసుకుపోతుంది. రోజు మొదట్లో 50 అడుగులు మాత్రమే ఇస్తారు, గది నుంచి గదికి వెళ్లిన ప్రతిసారి ఒక అడుగు తరుగుతుంది. అడుగులు అయిపోయినా, దారి లేకపోయినా ఆ రోజు ముగుస్తుంది, మరునాటికి మనం పేర్చిన గదులన్నీ మాయమై పటం మళ్లీ ఖాళీ అవుతుంది. చేతికి దొరికిన తాళాలు, రత్నాలు కూడా దాదాపుగా ఏవీ మిగలవు. మిగిలేది మనం గమనించినది, నోటుపుస్తకంలో రాసుకున్నది మాత్రమే.

ఈ ఇంట్లో పార్లర్ అనే గది ఉంది. అందులో నీలం, తెలుపు, నలుపు రంగుల పెట్టెలు మూడుంటాయి, ఒక్కదానిలోనే రత్నాలుంటాయి. కనీసం ఒక పెట్టె మీది మాటలు పూర్తిగా నిజం, కనీసం ఒక పెట్టె మీది మాటలు పూర్తిగా అబద్ధం అన్నది నియమం. ఆటలోని చిక్కుముడులను ఇక్కడ విప్పి మీ సరదా పాడుచేయను, అందుకని నేను కల్పించిన ఉదాహరణ ఒకటి చెబుతాను. నీలం పెట్టె మీద 'రత్నాలు నల్ల పెట్టెలో ఉన్నాయి' అని, తెల్ల పెట్టె మీద 'ఈ పెట్టె ఖాళీ' అని, నల్ల పెట్టె మీద 'రత్నాలు ఇందులోనే ఉన్నాయి' అని రాసి ఉందనుకోండి. రత్నాలు నల్ల పెట్టెలో ఉంటే మూడు మాటలూ నిజమవుతాయి, అప్పుడు అబద్ధం చెప్పే పెట్టే ఉండదు. తెల్ల పెట్టెలో ఉంటే మూడూ అబద్ధాలవుతాయి, నిజం చెప్పే పెట్టె ఉండదు. కాబట్టి రత్నాలు నీలం పెట్టెలోనే ఉండి తీరాలి. మొదటి రోజుల్లో ఇలాంటి దానికి చాలాసేపు తల పట్టుకునే మనిషే, కొన్నాళ్లకు పెట్టెలను చూసీ చూడగానే సమాధానం చెప్పేస్తాడు. సైమన్ బలం ఇసుమంతైనా పెరగలేదు, పెరిగినది ఆడేవారి తర్కం.

తెరపై: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, మూడు గర్భగుడుల మధ్యనున్న మంటపం.

మా ఊరిని ఆనుకుని ఉన్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయాన్ని చూసినవారికి ఈ ఆట పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఒక గర్భగుడిలో పగలంతా శివలింగం మీద నీడ నిలిచి ఉంటుంది. ఆ నీడ ఏ స్తంభానిదని వెతికితే ఒక్క స్తంభంతో సమాధానం దొరకదు, వెలుతురు వచ్చే దిక్కులను, స్తంభాల అమరికను కలిపి చూడవలసిందే. బ్లూ ప్రిన్స్ కూడా అంతే. ఒక గదిలో గోడకు తగిలించిన బొమ్మకు అర్థం ఆ గదిలో ఉండదు, మరెక్కడో చదివిన ఉత్తరంతో జోడించినప్పుడే అది తెలుస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. కావలసిన గది రోజుల తరబడి రాకపోతే అది మన తెలివితక్కువ కాదు, అదృష్టం లేకపోవడమే, మరి ఆ వేళల్లో ఆట విసుగు పుట్టిస్తుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది భాషది. చాలా చిక్కుముడులు ఇంగ్లిషు పదాల అక్షరాలతోనే అల్లినవి కనుక ఇంగ్లిషులో బాగా అలవాటు లేనివారికి ఇది అన్యాయమనిపిస్తుంది. వారికి నేను ఈ ఆటను సిఫారసు చేయను.

తెరపై: ఎర్రని దుస్తులలో, సూదిని ఆయుధంగా పట్టుకున్న కథానాయిక హార్నెట్.

'హాలో నైట్: సిల్క్‌సాంగ్' విషయంలో భాష పెద్ద అడ్డంకి కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈ ఆట, ఎంతోమంది ఆశ వదులుకున్న తరువాత 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. కొనడానికి ఒక్కసారిగా ఎగబడిన జనం తాకిడికి ఆ రోజు స్టీమ్‌తో సహా పలు ఆన్‌లైన్ దుకాణాలు కాసేపు మొరాయించాయి.

ఆట ఎంత కఠినమైనదో అందరూ చెప్పారు. అది ఏ విధంగా నేర్పుతుందో చెప్పినవారు తక్కువ. హార్నెట్ చేతిలో సూది ఉంటుంది. శత్రువును పొడిచిన ప్రతిసారి కొంత పట్టు పోగవుతుంది, కండె నిండితే ఆ పట్టుతో గాయాలు మాన్చుకోవచ్చు. ఒక్కసారికి మూడు ప్రాణాలు తిరిగి వస్తాయి. కనుక దెబ్బలు తిన్నవాడు భయపడి మూలన దాక్కుంటే కోలుకోలేడు, కోలుకోవాలంటే శత్రువు మీదికే వెళ్లాలి. చాలామంది శత్రువులు ఒక్క దెబ్బకు రెండు ప్రాణాలు లాగేస్తారు కాబట్టి ఆ వెళ్లడం కూడా లెక్క ప్రకారమే ఉండాలి. దీనికి ముందు వచ్చిన 'హాలో నైట్'కు అలవాటు పడినవారిని కింది వైపు దెబ్బ మరీ ఏడిపించింది. పాత ఆటలో అది నిట్టనిలువుగా దిగేది, ఇక్కడ మొదట్లో ఏటవాలుగా దిగుతుంది. వేళ్లలో పాతుకుపోయిన అలవాటును మార్చుకోక తప్పదు.

పటం విషయంలోనూ ఇదే పట్టుదల కనిపిస్తుంది. షక్రా అనే యోధురాలు పాడుకుంటూ తిరుగుతూ పటాలు అమ్ముతుంది. ఆమె గొంతు వినిపించిన దిక్కుకు వెళ్లి కొనుక్కోవాలి. కొన్న తరువాత కూడా మనం కొత్తగా తిరిగిన చోట్లు బెంచీ మీద కూర్చున్నప్పుడే పటంలోకి ఎక్కుతాయి, దిక్సూచిని తగిలించుకోకపోతే మనం ఎక్కడ ఉన్నామో పటం చెప్పదు. అందువల్ల దారులను కళ్లతోనే గుర్తుపెట్టుకోవడం అలవాటవుతుంది. అయితే బైల్‌వాటర్ అనే బురద ప్రాంతాన్ని నేను సమర్థించలేను. అక్కడి పురుగుల నీటిలో పడితే గాయాలు మాన్చుకునే వీలు కూడా పోతుంది, ఓడిన ప్రతిసారి ఆ దారంతా మళ్లీ నడవాలి. అది నేర్పడం కాదు, సతాయించడం.

తెరపై: సముద్రం అవతల పెద్ద శిల, దాని మీద వెలుగుతున్న అంకె.

అందరి నోటా నానిన 'క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' గురించి క్లుప్తంగా చెబుతాను. ఫ్రాన్సులోని మాంపెల్లియే నగరానికి చెందిన సాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ దీనిని తయారుచేసింది. ఏప్రిల్ 24న విడుదలైన ఈ ఆట డిసెంబర్‌లో జరిగిన ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటతో కలిపి తొమ్మిది బహుమతులు గెలుచుకుంది. ఏటేటా ఒక చిత్రకారిణి శిల మీద ఒక అంకె తగ్గించి రాస్తుంది, ఆ వయసు వచ్చినవారంతా దుమ్మై గాలిలో కలిసిపోతారు. అంకె 33కు చేరిన ఏడాది ఆమెను ఆపడానికి బయలుదేరిన బృందం కథ ఇది. ఇంతకుమించి కథ చెప్పను.

వంతులవారీగా సాగే పోరాటాలలో సాధారణంగా శత్రువు వంతు వచ్చినప్పుడు మనం చేతులు కట్టుకుని చూస్తాము. ఇక్కడ అలా కుదరదు. దెబ్బ తగిలే క్షణానికి బటన్ నొక్కితే తప్పించుకోవచ్చు, ఇంకా కచ్చితంగా నొక్కితే ప్యారీ చేసి, అంటే దెబ్బను అడ్డుకుని, ఎదురుదెబ్బ కొట్టవచ్చు. శత్రువులు చెయ్యెత్తి, ఆగి, ఊరించి, మనం తొందరపడ్డాక కొడతారు. కంటి కన్నా చెవి ఎక్కువగా సాయపడుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రతి దెబ్బకూ తనదైన లయ ఉంటుంది, దానిని పట్టుకుంటే తమకన్నా చాలా బలమైన శత్రువును కూడా ఓడించవచ్చు. విచారమేమిటంటే మూడవ అంకంలో ఈ ఆట మళ్లీ అంకెల దారి పట్టింది. ఒక్క దెబ్బకు 9999 అన్న హద్దు తొలగిపోయాక లక్షల్లో దెబ్బలు పడతాయి, శత్రువు వంతు రాకముందే పోరాటం ముగుస్తుంది, అంతవరకు నేర్చుకున్న లయకు పనే ఉండదు. లోరియాన్ టెస్టార్ సంగీతం మాత్రం చివరి వరకు నిలబడింది.

'కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2'లోనూ పాత్ర అంకెలు పెరుగుతాయి, అయినా దానిని ఇక్కడ చేర్చడానికి కారణం అందులోని మందుల బల్ల. చెక్ దేశానికి చెందిన వార్‌హార్స్ స్టూడియోస్ 1403 నాటి బొహీమియా ప్రాంతాన్ని చూపిస్తూ ఫిబ్రవరి 4న విడుదల చేసిన ఆట ఇది. మందు కావాలంటే పుస్తకంలోని విధానాన్ని మనమే చదవాలి, ఏ ద్రవంలో ఏ ఆకు వేయాలో చూసుకోవాలి, రోట్లో నూరాలి, ఇసుక గడియారాన్ని తిప్పి కాలం కొలుస్తూ మరగనివ్వాలి. కొంతకాలానికి పుస్తకం తెరవకుండానే చేతులు ఆ పని చేసుకుపోతాయి. ఇనుము సాగగొట్టి కత్తి చేయడం కూడా ఇలాంటిదే.

తెరపై: పాత ఫోటోలా చుక్కచుక్కలుగా కనిపించే రంగు దృశ్యం, అందులో నలుపు తెలుపు గీతల మనుషులు.

ఐదవదైన 'డెస్పెలోటే' గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. హూలియాన్ కోర్డేరో, సెబాస్టియన్ వాల్బుయేనా రూపొందించగా మే 1న వచ్చిన ఈ ఆటలో గెలుపు లేదు, ఓటమి లేదు. 2001లో ఈక్వడార్ జట్టు మొట్టమొదటిసారిగా ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు అర్హత సాధించే దిశగా సాగుతున్నప్పుడు, కీటో నగరంలో ఎనిమిదేళ్ల పిల్లవాడు బంతి తన్నుకుంటూ తిరగడమే ఇందులోని ఆట. దుకాణంలోని టీవీ చుట్టూ జనం మూగుతారు, అమ్మ త్వరగా ఇంటికి రమ్మంటుంది, పార్కులో పెద్దవాళ్లు ఏవేవో మాట్లాడుకుంటారు. మొదట్లో నేను బంతి వెంటపడి పరుగెత్తాను. తరువాత తరువాత బెంచీ పక్కన ఆగి మాటలు వినడం మొదలుపెట్టాను. ఆ ఊరి నిజమైన వీధుల్లో రికార్డు చేసిన శబ్దాలను ఇందులో వాడారు కనుక వినే కొద్దీ ఊరు తెలుస్తుంది. ఈ ఆట నేర్పేది ఆగి వినడం.

అదే 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాదు వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేశాడు. ఆ రోజున నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర టీవీ ఉన్న ప్రతి దుకాణం ముందు ఆగిపోతూ, బడి సంచి మోసుకుంటూ ఇంటికి వెళ్లే ఒక పిల్లవాడిని ఊహించుకోండి. పాలమూరులోనైనా, దేవరకొండలోనైనా ఇలాంటి ఆట తీయడానికి కావలసినదంతా ఉంది. దానికి కోట్ల ఖర్చుతో కూడిన గ్రాఫిక్స్ అక్కరలేదని డెస్పెలోటే రుజువు చేసింది. మన పట్టణాల మాటతీరు తెలిసినవారు, నాలుగు నెలలు మైకు పట్టుకుని వీధుల్లో తిరిగే ఓపిక ఉన్నవారు ఉంటే చాలు. అటువంటి ప్రయత్నం ఎవరైనా చేస్తున్నట్లయితే, నాకు ప్రోగ్రామింగ్ రాకపోయినా శబ్దాలు సేకరించి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

తెరపై: రెండు ముక్కలుగా చీలిన తెర. ఒకవైపు సైన్స్ ఫిక్షన్ నగరం, మరొకవైపు మాయల అడవి.

కొనేవారికి రెండు మాటలు. నా దగ్గర నింటెండో వారి ఆటల యంత్రం స్విచ్ 2 లేదు, అందుచేత 'డాంకీ కాంగ్ బనాంజా' వంటివి ఈ ఎంపికలోకి రాలేదు. కింగ్‌డమ్ కమ్‌కు సుమారు 100 జీబీ స్థలం కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, పైగా మా జిల్లా ఎండల్లో మధ్యాహ్నం పూట దానిని ఆడితే కంప్యూటర్ ఫ్యాను మోతకు ఆటలోని మాటలు వినిపించవు. తెల్లవారుజామున ఆడుకోవడం మేలు. సిల్క్‌సాంగ్ పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. డెస్పెలోటే ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

ఇద్దరు కలిసి ఆడదలచుకుంటే ఆరవదైన 'స్ప్లిట్ ఫిక్షన్' తీసుకోండి. స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ స్టూడియోస్ మార్చి 6న విడుదల చేసిన ఈ ఆటను ఒంటరిగా ఆడడం సాధ్యం కాదు. ఒకరు కొంటే చాలు, ఫ్రెండ్స్ పాస్ ద్వారా రెండవవారు డబ్బు కట్టకుండా చేరవచ్చు. నేను మిర్యాలగూడలో ఉండే మా బావతో ఆన్‌లైన్‌లో ఆడాను. కథ అంతంత మాత్రమే, నాయికలైన ఇద్దరు రచయిత్రుల సంభాషణలు కొన్నిచోట్ల చప్పగా ఉంటాయి. కానీ ఒకరి చేతిలో ఉన్న శక్తి మరొకరి చేతిలో ఉండదు, అరగంటకోసారి ఆ శక్తులు కూడా మారిపోతుంటాయి, కనుక ఎదుటివారికి ఏమి కనిపిస్తున్నదో అడిగి తెలుసుకోకుండా ముందుకు సాగలేము. హెడ్‌సెట్ మైకు సరిగా పనిచేస్తున్నదో లేదో ముందే చూసుకోండి.