సగటుకు దొరకని చేప

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. నా గురించి అధ్యక్షులు చెప్పినదాంట్లో సగం తీసేయండి. నేను జీవశాస్త్రజ్ఞుణ్ని కాను, ముప్పై ఏళ్లు సంఖ్యాశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని. ఆహ్వానంలో 'పింక్ సాల్మన్: జీవనం, జనాభా' అని వేశారు. అసలు సంగతి, నాకు సగటు మీద కోపం. అది వెళ్లగక్కడానికి ఈ చేప దొరికింది.

2016 సెప్టెంబరులో కెనడాలోని ఫ్రేజర్ నదికి వెళ్లాను. ఏటా సగటున ఇన్ని లక్షల పింక్ సాల్మన్ గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి వస్తాయని ఎక్కడో చదివి, ఆ అంకెను నమ్మి టికెట్ కొన్నాను. రెండు రోజులు గట్టున కూర్చున్నా ఒక్కటీ కనబడలేదు. పక్కన గాలం వేస్తున్న పెద్దాయన్ని అడిగితే నవ్వాడు. "ఏడాది ముందొచ్చారు. లేదా ఏడాది ఆలస్యమైంది. ఏదనుకున్నా ఒకటే" అన్నాడు.

ఫ్రేజర్‌లో ఈ చేప బేసి సంవత్సరాల్లోనే వస్తుంది. కోటి దాటిన ఏళ్లున్నాయి. సరి సంవత్సరం దాదాపు సున్నా. కోటినీ సున్నానూ కలిపి రెండుతో భాగిస్తే వచ్చేది ఏ ఏడాదిదండీ? ముప్పై ఏళ్లు నేను నేర్పింది ఈ భాగహారమేనా అని ఆ గట్టు మీద సిగ్గేసింది.

ఎందుకిలా అంటే, దీని ఆయుష్షు రెండేళ్లు. శరత్తులో ఆడచేప తోకతో గులకరాళ్లు తవ్వి 1,200 నుంచి 2,000 దాకా గుడ్లు పెడుతుంది. అప్పటికి మగచేపకు వీపున గూని లేచి, మూతి కొక్కెంలా వంగి ఉంటుంది. 'గోర్బుషా' అనే రష్యన్ పేరు ఆ గూనిని బట్టే వచ్చింది. ఆ తర్వాత రెండూ చచ్చిపోతాయి. వసంతంలో రాళ్ల సందుల్లోంచి పైకొచ్చిన పిల్లలు, మూడు సెంటీమీటర్లుంటాయో లేదో, సాకై అనే మరో రకం సాల్మన్ పిల్లల్లా సరస్సులో ఏడాది ఆగకుండా నేరుగా సముద్రం దారి పడతాయి. ఏడాదిన్నర తిని, రెండు కిలోలకు అటూ ఇటూ పెరిగి తిరిగొస్తాయి. కాబట్టి బేసి ఏడాది చేపకూ సరి ఏడాది చేపకూ పెళ్లి కుదరదు. రెండూ వచ్చే నదుల్లో కూడా ఒకే నీళ్లు, ఒకే రాళ్లు, అయినా రెండు జాతులన్నంత దూరం. జన్యువులు చూస్తే, పక్క నదిలోని బేసి చేపకున్న దగ్గరితనం సొంత నదిలోని సరి చేపకు ఉండదు.

బోర్డు లేదు, నోటితోనే లెక్క చేద్దాం. 1,500 గుడ్లలో రెండు చేపలు తిరిగొస్తే జనాభా నిలకడ. మూడొస్తే? ఒకటిన్నర రెట్లు. ప్రతిసారీ మూడేసి వస్తే పదేళ్లలో ఏడున్నర రెట్లు! ఒక్కటే వస్తే సగం. వెయ్యిన్నర గుడ్లలో ఒక్క చేప తేడా, అంతే. సాకై అయితే నాలుగేళ్లకు కొన్ని, ఐదేళ్లకు కొన్ని వస్తాయి. ఒక చలికాలం చెడితే దెబ్బ పంచుకుంటాయి. పింక్‌కు పంచుకునే అన్నదమ్ములు లేరు. అలాస్కాలో 2013లో దాదాపు 22 కోట్లు పట్టారు, 2016లో నాలుగు కోట్ల లోపే.

1913లో ఫ్రేజర్ నది ఇరుకు లోయలో రైలుమార్గం కోసం కొండ పేల్చి రాళ్లు నదిలోకి తోశారు, మరుసటేడు కొండచరియ విరిగిపడింది. అక్కడికి ఎగువన పింక్ చేపలు దశాబ్దాల పాటు లేకుండా పోయాయి. 1940లలో చేపలకు మెట్లదారి కట్టాకే మళ్లీ ఎక్కాయి. దీని మీదే ఒక గంట చెప్పొచ్చు, వద్దు. నాకు కెనడా, అమెరికాల మధ్య ఉన్న సుపీరియర్ సరస్సు కథ చెప్పాలని ఉంది.

1956లో కెనడాలోని ఒంటారియోలో ఒక హేచరీ, అంటే చేపగుడ్లు పొదిగించే కేంద్రం, ఉండేది. హడ్సన్ బే వైపు నదుల కోసం పింక్ పిల్లల్ని పెంచారు. పంపగా మిగిలిన 21,000 పిల్లల్ని సుపీరియర్‌లో కలిసే ఏటిలోకి వదిలేశారు. ఉప్పునీటి చేప, మంచినీటి సరస్సులో ఏం బతుకుతుందిలే అనుకుని ఉంటారు. 1959లో సరస్సుకు అమెరికా వైపున్న మిన్నెసోటా వాగుల్లో ఎదిగిన చేపలు దొరికాయి! బేసి ఏడాది, గమనించండి. 1961, 1963, అన్నీ బేసే. మరి 1976లో? సరి సంవత్సరంలో చేప వచ్చింది. ఆ చల్లని సరస్సులో కొన్ని చేపలు రెండేళ్లలో పక్వానికి రాలేదు, మూడో ఏడు తీసుకున్నాయి. ఆ ఆలస్యంతో సరి వంశం పుట్టింది. ఇంతసేపూ రెండేళ్లే అని బల్ల గుద్దింది నేనే కదా. చేప నా మాట వినలేదు, ఏం చేయను.

చీటీ వచ్చింది, చూశాను. రెండు నిమిషాలివ్వండి.

పసిఫిక్‌కు చెందిన ఈ చేపను అట్లాంటిక్ వైపు రష్యా 1956 నుంచీ దించింది, చాలాసార్లు నిలవలేదు. 1985లో రష్యా తూర్పు కొసన ఓఖోత్స్క్ సముద్ర తీరం నుంచి తెచ్చిన బేసి వంశం నిలిచింది. 2017లో నార్వే నదుల్లోకి గుంపులుగా వచ్చింది, 2019, 2021, 2023 అన్నిసార్లూ వచ్చింది. అక్కడ స్థానిక సాల్మన్‌ను కాపాడటానికి వలలూ కంచెలూ కడుతున్నారు. ఆ కంచెలకు సరి సంవత్సరంలో పెద్ద పనుండదు. ఖర్చు మాత్రం ఏటా సగటున ఇంత అని ఎవరో రాసే ఉంటారు. ఎవరైనా ఆ వ్యాసం చూస్తే నాకు పంపండి.