మడ బురదలోంచి సేంద్రియ పదార్థాన్ని తొలగించడం ఎలా?

ఇవాళ కోరంగి మడ అడవుల నల్లటి బురదనే ఉదాహరణగా తీసుకుందాం. దక్కన్ నల్లరేగడి నుంచి గోదావరి మోసుకొచ్చిన స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం ఇందులో పుష్కలం. కుళ్లిన ఆకులూ వేళ్లూ ఆ రేణువుల్ని అంటిపెట్టుకుని ఉంటే అవి గాజుపలక మీద పొరలుగా సర్దుకోవు. బంకమట్టిలో ఏ ఖనిజాలున్నాయో చెప్పే ఎక్స్‌రే గ్రాఫులో పీకులు (శిఖరాలు) చదునవుతాయి. అందుకే పరీక్షకు ముందు సేంద్రియాన్ని తొలగించాలి.

మట్టిని ఓవెన్లో ఎండబెట్టకండి, గడ్డకట్టిన స్మెక్టైట్‌ని మళ్లీ విడదీయడం కష్టం. తడి బురదే పది గ్రాములు చాలు.

ముందు గవ్వల సున్నం పోవాలి. 1 మోలార్ సోడియం ఎసిటేట్‌ని ఎసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 5కి తెచ్చి పోసి, బుడగలు ఆగేదాకా ఉంచండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వద్దు, అది క్లోరైట్ అనే మరో బంకమట్టి ఖనిజాన్ని తినేస్తుంది. ఈ మెట్టు దాటేస్తే, సేంద్రియాన్ని పోగొట్టడానికి తర్వాత పోసే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టించే ఆక్సలేట్ సున్నంతో కలిసి కాల్షియం ఆక్సలేట్‌గా మిగులుతుంది. గ్రాఫులో 5.93, 3.65 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పీకులు కనిపిస్తాయి. కొత్తవాళ్లు దాన్ని మట్టిలోని ఖనిజమే అనుకుంటారు!

ఇక పెరాక్సైడ్. పది గ్రాములకు లీటరు బీకరు తీసుకోండి, నురగ అంత పొంగుతుంది. మొదట 10 శాతం ద్రావణం కొంచెం, పొంగు తగ్గాక 30 శాతం ద్రావణం ఐదేసి మిల్లీలీటర్లు. తర్వాత 60 డిగ్రీల నీటి తొట్టిలో. ఫ్యూమ్ హుడ్, ముఖానికి షీల్డు తప్పనిసరి. మూత బిగించొద్దు, పేలుతుంది. పొంగి పొర్లబోతే బీకర్ని చన్నీళ్లలో పెట్టండి.

నురగ ఆగిందా లేదా అన్నదాన్నే నమ్ముకోకండి. మాంగనీస్ ఆక్సైడ్ ఉంటే సేంద్రియం అయిపోయినా పెరాక్సైడ్ విరిగి బుడగలు వస్తూనే ఉంటాయి. రంగు తేలికపడటమే అసలు గుర్తు. బొగ్గు నలుసులు మాత్రం కరగవు, వాటి వెంట పడొద్దు.

మడ బురదకు ప్రత్యేకమైన చిక్కు పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం). పెరాక్సైడ్ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టి పీహెచ్ పడిపోతుంది, క్లోరైట్ దెబ్బతింటుంది. పీహెచ్ కాగితంతో చూస్తూ, పడిపోతుంటే ముందు వాడిన పీహెచ్ 5 ఎసిటేట్ ద్రావణమే కలపండి. పైరైట్ మరీ ఎక్కువైతే పెరాక్సైడ్‌కి బదులు పీహెచ్ 9.5 దగ్గరి సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) మేలని నా అభిప్రాయం. అందులో ఆమ్లం ఎక్కువైతే మాత్రం క్లోరిన్ వాయువు వస్తుంది, జాగ్రత్త.

మిగిలిన పెరాక్సైడ్‌ని వేడిచేసి పోగొట్టి, ఉప్పునీటితో, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో సెంట్రిఫ్యూజ్‌లో కడగండి. ఉప్పు పోయే కొద్దీ పైనీరు మబ్బుగా మారుతుంది. దాన్ని పారబోయకండి, మనకు కావలసిన బంకమట్టి అందులోనే ఉంది.